పాత ఆర్‌ఎక్స్ 100 ఇంట్లో ఉంటే: సంతోషమెంత, ఖర్చెంత?

స్పోర్ట్స్ కారు అనగానే మనకు సినిమాల్లో కనిపించే ఎర్ర కారు గుర్తొస్తుంది. మా నారాయణపేటలో అసుంటి కారు నేను ఒక్కటి కూడా చూడలేదు. మా దగ్గర చీరలు ఫేమస్, బంగారం ఫేమస్, కార్లు కాదు. కానీ స్పోర్ట్స్ కారుకు అర్థం ఏంది? సామాన్లు మోయడానికో, పెట్రోలు మిగల్చడానికో కాకుండా, నడిపే మనిషి సంతోషం కోసం తయారైన బండి. ఈ అర్థం ఒప్పుకుంటే మా ఊర్లో కూడా స్పోర్ట్స్ కారు ఉంది. దానికి రెండు చక్రాలే ఉంటాయి. పేరు యమహా ఆర్‌ఎక్స్ 100.

బయటి దేశాల్లో పాత స్పోర్ట్స్ కారు కొనాలా వద్దా అని జనం లెక్కలు వేసుకుంటారు. మన దగ్గర అదే లెక్క పాత టూ స్ట్రోక్ బండి మీద జరుగుతుంది. ఆ లెక్క ఎట్లా వేయాలి అనేదే ఈ వ్యాసం. మెకానికల్ బ్రాంచ్ ఫ్రెండ్స్, ఒక సీఎస్ఈ వాడు ఇంజన్ గురించి చెప్తున్నడేంది అని నవ్వకండి. మా ఇంట్లో ఒక ఆర్‌ఎక్స్ 100 ఉంది. నాన్న 1998లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. నంబరు ఇప్పటికీ పాత మహబూబ్‌నగర్ ఏపీ 22 సిరీస్‌దే. నాకంటే పెద్దది కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు కొంచెం ఉంది అనుకుంటున్న.

1. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

1980లలో జపాన్ కంపెనీలు మన దేశ కంపెనీలతో కలిసి 100 సీసీ బండ్లు తెచ్చాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. అదే సంవత్సరం ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి ఆర్‌ఎక్స్ 100 తెచ్చింది. రెండూ ఇంచుమించు ఒకే సైజు ఇంజన్లు. కానీ సీడీ 100 మైలేజీ కోసం పుట్టింది, ఆర్‌ఎక్స్ 100 పికప్ కోసం పుట్టింది. మైలేజీ బండి పద్ధతి గెలిచింది. ఇవాళ మన రోడ్ల మీద కనిపించే మామూలు బండ్లన్నీ దాదాపు ఆ దారివే. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది.

దానికి ఒక అన్న కూడా ఉన్నడు. 1983లో ఎస్కార్ట్స్ తెచ్చిన రాజ్‌దూత్ 350. రెండు సిలిండర్లు, 347 సీసీ, 30.5 హార్స్‌పవర్. అప్పటి మన దేశానికి అది నిజంగా స్పోర్ట్స్ కారు లాంటిదే. కానీ ధర ఎక్కువ, పెట్రోలు నీళ్లలాగా తాగుతది. పదేళ్లు కూడా నిలవకుండానే తయారీ ఆగింది. ఇక 2018లో "ఆర్‌ఎక్స్ 100" పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. అప్పటిదాకా మూలకు పడ్డ బండ్లు కూడా బయటికి తీసి కడిగినోళ్లను మా గల్లీలోనే చూసిన.

2. ఆ పికప్ ఎక్కడిది?

ఇంజన్‌కు నాలుగు పనులు: పీల్చడం, నొక్కడం, కాల్చడం, పొగ వదలడం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఈ నాలుగు పూర్తి కావాలంటే పిస్టన్ రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి పోవాలి. అంటే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట. టూ స్ట్రోక్‌లో ఆ పని ఒక్క చుట్టులోనే అయిపోతుంది. ఆర్‌ఎక్స్ 100 గరిష్ఠంగా 11 హార్స్‌పవర్ ఇచ్చేది నిమిషానికి 7500 చుట్ల దగ్గర. 60తో భాగించండి: సెకనుకు 125 మంటలు. అదే వేగంలో తిరిగే ఫోర్ స్ట్రోక్‌లో అందులో సగమే. పైగా బండి బరువు 100 కిలోలకు కొంచెం అటూ ఇటూ. తక్కువ బరువు, ఎక్కువ మంటలు. పికప్ రహస్యం ఇంతే.

మంటలు రెట్టింపు అయితే పవర్ కూడా రెట్టింపు కావాలి కదా? కాదు. టూ స్ట్రోక్‌లో కాలిన పొగ బయటికి పోతున్న టైంలోనే కొత్త పెట్రోలు-గాలి లోపలికి వస్తుంది. అందులో కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి పారిపోతుంది. ఇక్కడ సైలెన్సర్ ఒక పని చేస్తుంది. దాని ఆకారం వల్ల పొగ అల వెనక్కి తన్ని, పారిపోతున్న పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. కానీ ఆ అల సరైన టైంకు రావాలంటే ఇంజన్ ఒక వేగం అందుకోవాలి. అందుకే ఈ బండి కింది వేగంలో మామూలుగా ఉండి, ఒక దగ్గరికి వచ్చినంక ఒక్కసారిగా గుంజుతది. సైలెన్సర్ లోపల భాగాలు తీసేసి "సౌండ్ వస్తుంది" అని మురిసే ఫ్రెండ్స్‌కు ఒక మాట: ఆ అలను మీరే పోగొట్టుకుంటున్నరు. పైగా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దం, కాలుష్యం నిబంధనలు దాటితే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఇంకో లెక్క కూడా చూడండి. సిలిండర్ బోరు 50 మి.మీ., స్ట్రోక్ 50 మి.మీ. సిలిండర్ ఘనపరిమాణం సూత్రంలో వేస్తే 98.2 వస్తుంది. అదే ఆ "100 సీసీ". బోరు అరిగితే లేత్ షాపులో రీబోర్ చేసి 0.25 మి.మీ. పెద్ద పిస్టన్ వేస్తారు. అప్పుడు 99.2 సీసీ. అట్లా 0.50, 0.75, చివరికి 1.00 మి.మీ. దాకా పోతే 102.1 సీసీ. ఆ తర్వాత గోడ మిగలదు, కొత్త స్లీవ్ దింపాలి. అంటే ఈ ఇంజన్‌కు కొన్ని ప్రాణాలే ఉంటాయి. మాది ఇప్పుడు 0.75 మీద ఉంది.

3. సంతోషాలు

మొదటిది నడపడం. మరికల్ వైపు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మూడో గేరులో ఆ గుంజుడు మొదలైతే ఎంత వేగం పోతున్నమో మీటర్ చూడాల్సిన పని లేదు, చెవికే తెలుస్తుంది. నిజానికి ఆ వేగం ఇప్పటి బండ్ల ముందు పెద్దదేం కాదు. చిన్న వేగంలోనే పెద్ద సంతోషం దొరుకుతుంది, అది దీని గొప్పతనం.

రెండోది అర్థం కావడం. ఇప్పటి బండ్లలో తప్పు ఎక్కడుందో కంప్యూటర్ చెప్పాలి. ఇందులో క్యామ్ షాఫ్ట్ లేదు. బండి స్టార్ట్ కాకపోతే చూడాల్సినవి మూడే: పెట్రోలు వస్తుందా, ప్లగ్‌లో నిప్పు వస్తుందా, కిక్ కొడితే కంప్రెషన్ ఉందా. మా మెకానిక్ చాచా నాకు నేర్పిన మొదటి పాఠం ప్లగ్ చదవడం. ప్లగ్ విప్పి చూస్తే ఇటుక రంగులో ఉంటే అంతా మంచిదే. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతుంది, ఆగకపోతే పిస్టన్ పట్టేస్తది. నాకు డీబగ్గింగ్ అంటే ఏందో కాలేజీ ల్యాబ్ కంటే ముందు ఆయన షెడ్డులోనే తెలిసింది. ఒక్కసారి ఒక్కటే మార్చు, మార్చినంక నడిపి చూడు అంటడు. మన ప్రాజెక్టుల్లో ఒకేసారి ఐదు లైన్లు మార్చి ఏది పనిచేసిందో తెలియక తల పట్టుకునేది మనమే కదా.

మూడోది మనుషులు. పెట్రోల్ బంక్‌లో తెలియని పెద్దమనిషి వచ్చి "ఏ మోడల్ బిడ్డా?" అని అడిగి తన పెళ్లి రోజుల నాటి బండి కథ చెప్తడు. కొత్త బండి మీద పోతే ఎవ్వరూ అడగరు.

4. ఖర్చులు

ఇప్పుడు అసలు విషయం. వచ్చే మార్చిలో మా బండి ఆర్‌సీ గడువు అయిపోతుంది. చెల్లె ఇంటర్ అయిపోయి కాలేజీలో చేరేది కూడా ఈ ఏడాదే. హైదరాబాద్ నుంచి ఒకాయన 85,000 ఇస్త అంటున్నడు. ఉంచుదామా, అమ్ముదామా, లెక్క రాయమని నాన్న నాకు చెప్పిండు. పోయిన ఏడాది నాన్న డైరీలో రాసిన దాన్ని షీట్‌లో వేసిన. బండి తిరిగింది 2,400 కి.మీ.

- పెట్రోలు: లీటరుకు 40 కి.మీ. చొప్పున 60 లీటర్లు, 6,420 రూపాయలు
- 2టి ఆయిల్: 600
- రీబోర్, పిస్టన్, రింగులు, లేబర్: 4,500
- వెనక టైరు: 1,900
- ప్లగ్గులు, కార్బురేటర్ క్లీనింగ్: 650
- థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్: 2022 రేటు 714, జీఎస్టీతో 843
- ఆర్‌సీ రెన్యువల్: 2,000 ఐదేళ్లకు పంచితే 400

మొత్తం 15,313. కిలోమీటరుకు 6 రూపాయల 38 పైసలు. అదే దూరం మా ఇంట్లో ఉన్న ఇంకో ఫోర్ స్ట్రోక్ బండి మీద పోతే పెట్రోలు 4,280, సర్వీసింగ్ 1,200, ఇన్సూరెన్స్ 843, మొత్తం 6,323. తేడా 8,990. నెలకు 750 రూపాయలు. ఒక సంతోషానికి నెలకు 750 పెద్దదా? చాలామంది సినిమాలకు, బిర్యానీలకు అంతకంటే ఎక్కువే పెడతరు.

కానీ లెక్క ఇక్కడ ఆగితే తప్పు. డైరీలో కనిపించని ఖర్చులు ఇంకా నాలుగు ఉన్నాయి.

ఒకటి, ఆగి ఉన్న డబ్బు. 85,000 బ్యాంకులో వేస్తే 7 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 5,950. దాన్ని కలిపితే తేడా నెలకు 1,245 అవుతుంది. "బండి రేటు పెరుగుతుంది కదా" అనొచ్చు. పెరగొచ్చు, కానీ అమ్మినప్పుడే అది డబ్బు. అమ్మే ఉద్దేశం లేనోనికి పెరిగిన రేటు చెప్పుకోవడానికే.

రెండు, ప్రభుత్వ రుసుములు. 15 ఏళ్లు దాటిన బైకు ఆర్‌సీ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 300 నుంచి 1,000 చేసింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 2,000 చేసింది. హరిత పన్ను వేరే. "వింటేజ్" అని రాయించుకుందామంటే 2021 నియమాల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి. 1985లో వచ్చిన మొట్టమొదటి ఆర్‌ఎక్స్‌కు కూడా 2035 దాకా ఆ అర్హత రాదు.

మూడు, మనిషి. ఒరిజినల్ పార్టులు దొరకడం కష్టం, డూప్లికేట్ వేస్తే తొందరగా పోతాయి. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారుకు ఆ కంపెనీయే 2017లో జపాన్‌లో రిపేరు పథకం ప్రకటించి, పాత పార్టులు మళ్లీ చేయించింది. మనకు ఆ సౌకర్యం లేదు, మనకున్నది చాచా. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలు ఇద్దరూ కొత్త బండ్ల మీదనే చేయి పెడతరు. మన భాషలో చెప్పాలంటే ఇది డాక్యుమెంటేషన్ లేని లెగసీ కోడ్, రాసినాయన రిటైర్ కాబోతున్నడు.

నాలుగు, మనం కట్టని ఖర్చు. కాలని పెట్రోలు, కాలిన ఆయిల్ పొగ బజారులో మన వెనక నడిచేటోళ్లు పీలుస్తరు. పొల్యూషన్ నిబంధనలు కఠినమైన కొద్దీ టూ స్ట్రోకులు మాయమైంది ఇందుకే. ఇక బ్రేకులు రెండు వైపులా డ్రమ్మే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్రతి కొత్త బైకుకు సైజును బట్టి ఏబీఎస్ గానీ కంబైన్డ్ బ్రేకింగ్ గానీ తప్పనిసరి. ఇందులో రెండూ లేవు. వర్షంలో ఆ తేడా తెలుస్తుంది.

5. నిర్ణయం ఎట్లా తీసుకోవాలి?

నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్న. మీ ఇంట్లో పాత బండి ఉన్నా, పాత కెమెరా ఉన్నా ఇవే పనికొస్తాయి.

ఒకటి: రిపేరు చేసే మనిషి చేతికందే దూరంలో ఉన్నడా? రెండు: దాని ఖర్చు అవసరాల డబ్బులోంచి కాకుండా వేరే డబ్బులోంచి వస్తుందా? మూడు: దాన్ని నిజంగా నడుపుతున్నమా, లేక కవర్ కప్పి దాచుకుంటున్నమా? మూడింటికీ అవును అంటే ఉంచుకోండి, నెలకు ఎంతైనా బాధపడకండి. ఒక్కటి కాదన్నా ఆలోచించండి.

మా బండికి మొదటిది అవును, ఇప్పటికైతే. మూడోది అవును, 2,400 కి.మీ. తక్కువేం కాదు. రెండోదానికి ఈ ఏడాది కాదు అనే జవాబు. చెల్లె ఫీజు, హాస్టల్ కలిపితే నాన్న అప్పు చేయాల్సి వస్తుంది, ఇంట్లో 85,000 విలువ చేసే వస్తువు కవర్ కింద నిలబడి ఉంటుంది. నాకు ఇష్టమైన బండి కాబట్టి లెక్క మార్చలేను. అమ్ముదాం అని నాన్నకు చెప్పిన. చెల్లె మాత్రం "నా పేరు మీద అమ్మొద్దు" అంటుంది. ఆమె కూడా క్లచ్ నేర్చుకుంది ఆ బండి మీదనే.

చివరగా, అమ్మేవాళ్లకూ ఉంచుకునేవాళ్లకూ పనికొచ్చే మాట. బండి ఇచ్చేసి డబ్బు తీసుకుంటే పని అయిపోదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి పేరు మార్పిడి పూర్తయ్యేదాకా ఆ బండి మీద పడే కేసులు పాత ఓనర్‌ను వెతుక్కుంటూ వస్తాయి. వేరే రాష్ట్రానికి పోతే ఫారం 28తో ఎన్‌ఓసీ కావాలి. ఆర్‌సీ రెన్యువల్‌కు ఫారం 25. గడువు దగ్గర పడితే అమ్మాలన్నా ఉంచుకోవాలన్నా ముందు రెన్యువల్ చేయించడమే మంచిది.

నేను అన్ని ఫారాలు ప్రింట్ తీసి ఇచ్చిన. నాన్న ఇప్పటిదాకా 25 మీద మాత్రమే సంతకం పెట్టిండు.