కొత్త కంప్యూటరు – పాత ఒడంబడిక



తెలుగు అధ్యాపకులకు కంప్యూటరుతో ఏమి పని అని మిత్రులు కొందరు మమ్ము పరిహాసంగా అడుగుతుంటారు. కళాశాల ఉపకార వేతనాల సంఘంలో సభ్యత్వం వహించినందున కార్యాలయపు కంప్యూటరు గది తాళపుచెవి కూడా మా చేతికే వచ్చినది. ఆ గదిలో 2023వ సంవత్సరపు వేసవిలో మేము నేర్చుకొన్న పాఠం ఒకటి ఉన్నది. అందులో మా పొరపాటు కూడా ఉన్నది. పొరపాటును దాచిపెట్టి పాఠాన్ని మాత్రమే చెప్పినచో అది సగము పాఠమే కాగలదు. కనుక రెండింటినీ ఈ వ్యాసంలో వివరింప దలచినాము.

సురక్షిత సంబంధమనగా నేమి?

మన కళాశాల ఆవరణలో ఉర్దూ మాతృభాషగా గలవారు, తెలుగు మాతృభాషగా గలవారు ఎదురుపడినప్పుడు మొదటి రెండు మాటలలోనే తాము ఏ భాషలో సంభాషింపవలెనో తేల్చుకొంటారు. సలాముకు ప్రతిసలాము, నమస్కారానికి ప్రతినమస్కారం జరిగేలోగా ఆ ఒడంబడిక కుదిరిపోతుంది. రెండు కంప్యూటర్లు రహస్యంగా మాట్లాడుకొనుటకు ముందు జరిగేది కూడా ఇటువంటిదే. దీనిని హ్యాండ్‌షేక్ అని వ్యవహరిస్తారు. అడుగు యంత్రం తనకు తెలిసిన ఒడంబడిక కూర్పులను, సంకేత పద్ధతులను వరుసగా చెబుతుంది. జవాబిచ్చు యంత్రం, అనగా సర్వరు, వాటిలో తనకు కూడా తెలిసిన దానిని ఎన్నుకొంటుంది. ఆ పిమ్మట సర్వరు తన ధ్రువపత్రాన్ని చూపుతుంది.

ఈ ధ్రువపత్రాన్ని మన కచేరీల భాషలో చెప్పవలెనన్న, మొహరు వేసిన జామీను పత్రం అనవచ్చును. "ఈ పేరు గల సర్వరు ఇదే" అని ఒక మధ్యవర్తి సంస్థ జామీను ఉంటుంది. ఆ మధ్యవర్తికి మరొక మూల సంస్థ జామీను ఉంటుంది. ఆ మూల సంస్థ పేరు మన యంత్రంలోని నమ్మకస్తుల జాబితాలో ఉన్నప్పుడే గొలుసు పూర్తి అవుతుంది. కాబట్టి సురక్షిత సంబంధంలో రెండు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నవి. ఒకటి, మన మాట మూడవవాడు వినకుండుట. రెండవది, మనం మాట్లాడుతున్నది మనం అనుకొన్నవారితోనే అగుట. రెండవది లేనిచో మొదటిదానికి విలువ లేదు. దొంగతో ఎంత రహస్యంగా మాట్లాడినా ప్రయోజనమేమి?

కూర్పుల చరిత్ర

ఈ ఒడంబడిక ఒకనాటితో స్థిరపడినది కాదు. నెట్‌స్కేప్ సంస్థ 1995లో ఎస్.ఎస్.ఎల్. రెండవ కూర్పును, 1996లో మూడవ కూర్పును వెలువరించినది. 1999లో అది టి.ఎల్.ఎస్. 1.0 అను పేరుతో అంతర్జాతీయ ప్రమాణంగా రూపొందినది. 2006లో 1.1, 2008లో 1.2, 2018లో 1.3 కూర్పులు వచ్చినవి. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది వెంటనే మాయం కాలేదు. పాత యంత్రాలతో పొత్తు చెడకూడదని చాలాకాలం అన్నింటినీ కలిపి మోసినారు. ఆ మొహమాటమే ముప్పు తెచ్చినది. 2014 అక్టోబరులో పూడుల్ అను లోపం బయటపడి ఎస్.ఎస్.ఎల్. మూడవ కూర్పు నమ్మదగినది కాదని తేలిపోయినది. 2021 మార్చిలో టి.ఎల్.ఎస్. 1.0, 1.1 కూర్పులను ఉపయోగింపరాదని ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించు సంఘం ప్రకటించినది.

వ్యవస్థలను తయారుచేయువారు కూడా ఇదే మార్గాన నడిచినారు. ఉబుంటు వ్యవస్థ 2020 నాటి 20.04 కూర్పు నుండి 1.2 కంటె పాతవగు కూర్పులను మామూలుగా అంగీకరించుట లేదు. 2048 బిట్ల కంటె చిన్నవగు ఆర్.ఎస్.ఎ. తాళపుచెవులను కూడా నిరాకరిస్తున్నది. 2022 నాటి 22.04 కూర్పులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడవ తరం చేరి, కట్టుబాట్లు మరికొంత బిగిసినవి. కావున వ్యవస్థను మార్చిన మరునాడు ఒక సంబంధం తెగిపోయినచో కొత్త యంత్రం చెడిపోయినదని భావింపరాదు. నిన్నటివరకు చూచీచూడనట్లు ఊరుకొన్న దానిని ఈనాడు అది నిరాకరిస్తున్నది, అంతే.

మాకు ఎదురైన చిక్కు

మా కార్యాలయపు యంత్రంలో ఉన్నది ఉబుంటు 18.04 కూర్పు. దాని సాధారణ మద్దతు 2023 మే నెలతో ముగిసినందున, కొత్త డిస్కులో 22.04 కూర్పును మొదటినుండి స్థాపించినాము. ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసిన విద్యార్థుల పేర్లు, తరగతులు, బ్యాంకు ఖాతా సంఖ్యలు ప్రతి రాత్రి ఒక చిన్న కార్యక్రమం ద్వారా వేరొక కార్యాలయపు సర్వరుకు చేరవలసి ఉన్నది. ఆదివారం నాడు మార్పు జరిగినది. సోమవారం ఉదయం గుమాస్తా గారు వచ్చి, "సార్, రాత్రి జాబితా పోలేదు. మొన్నటిదాకా పోయింది కదా!" అన్నారు. గడువు పన్నెండు రోజులు మాత్రమే ఉన్నది. జాబితాలో రెండు వందలకు పైగా పేర్లు ఉన్నవి. ఆ సొమ్ము రానిచో పరీక్ష రుసుము కట్టలేని పిల్లలు వారిలో ఎవరెవరో మాకు తెలియును.

ఆ తొందరలో మేము చేసిన మొదటి పని ఏమనగా, జాబితాను పంపు కర్ల్ అను సాధనానికి ధ్రువపత్రాన్ని పరీక్షింపవద్దని చెప్పు గుర్తును తగిలించుట. "కె" అను ఒక్క అక్షరంతో ఆ పని జరిగిపోతుంది. కాని దానివల్ల ఫలితం లేకపోయినది. "అన్‌సపోర్టెడ్ ప్రోటోకాల్" అను సందేశమే తిరిగి వచ్చినది. కారణం ఆలోచింపదగినది. కూర్పు విషయంలో ఒప్పందం కుదిరిన పిమ్మటనే ధ్రువపత్రం బయటికి వస్తుంది. భాషే కుదరని చోట జామీను పత్రం ప్రస్తావన ఎక్కడిది? మేము మూయవలసిన చిల్లు ఒకచోట ఉండగా మరొకచోట గోడను పడగొట్టినాము.

తరువాత అవతలి సర్వరుకు టి.ఎల్.ఎస్. 1.0 మాత్రమే తెలియునని గ్రహించి, మా ఆజ్ఞలో ఆ కూర్పును అనుమతించి, భద్రతా స్థాయిని సున్నాకు దించినాము. జాబితా వెళ్ళినది. అందరూ సంతోషించినారు. ఆ సంతోషంలో "కె" అను అక్షరాన్ని తీసివేయుట మరచినాము. గోడకు అంటించిన కాగితంపై ఆ ఆజ్ఞను చూచిన బి.యస్సీ. విద్యార్థిని ఒకరు, "సార్, చివరన ఈ గుర్తు దేనికి?" అని అడిగేవరకు పదకొండు రాత్రులు గడిచిపోయినవి.

ఆ పదకొండు రాత్రులు మా విద్యార్థుల ఖాతా సంఖ్యలు, ఎవరి చేతికి పోతున్నవో పరీక్షింపకుండ పోయినవి. మధ్యలో ఎవరైనా నిలిచి తామే ఆ సర్వరు అని చెప్పుకొన్నచో మా యంత్రం నమ్మియుండును. అటువంటి వంచన జరిగినదనుటకు ఆధారం లేదు. జరుగలేదనుటకు కూడా మా వద్ద ఆధారం లేదు. ఈ రెండవ వాక్యమే మమ్ము నిద్రపోనీయలేదు. ప్రిన్సిపాలు గారికి, సంఘానికి ఉన్నదున్నట్లు వ్రాసి ఇచ్చినాము. విద్యార్థులను పిలిచి, ఖాతాల విషయం చెప్పి, వచ్చిన ఫోనులకు రహస్య సంఖ్యలేవీ చెప్పవద్దని హెచ్చరించినాము.

ఆ అక్షరాన్ని తీసివేయగా మరొక చిక్కు బయటపడినది. "అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్" అను సందేశం వచ్చినది. అవతలి సర్వరు తన పత్రాన్ని మాత్రమే చూపి, మధ్యవర్తి పత్రాన్ని జతపరచుట లేదు. పాత యంత్రంలో ఎవరో ఎన్నడో ఆ మధ్యవర్తి పత్రాన్ని చేర్చి ఉన్నారు. ఎక్కడా వ్రాసి పెట్టనందున కొత్త డిస్కులోకి అది రాలేదు. ఆ పత్రాన్ని ఇచ్చిన సంస్థ నుండియే తెచ్చి చేర్చిన పిమ్మట, పరీక్షతో సహా సంబంధం నెలకొన్నది.

సందేశాలు – వాటి భావాలు

వ్యాకరణంలో సూత్రం చదివి లక్ష్యాన్ని గుర్తించినట్లు, ఇక్కడ సందేశాన్ని చదివి లోపాన్ని గుర్తింపవలెను. ముఖ్యమైనవి ఇవి.

1. "అన్‌సపోర్టెడ్ ప్రోటోకాల్": ఇరుపక్షాలకు ఉమ్మడి కూర్పు లేదు.

2. "డి.హెచ్. కీ టూ స్మాల్", "ఇ.ఇ. కీ టూ స్మాల్": మొదటి దానిలో రహస్యం పంచుకొనుటకు వాడు సంఖ్య, రెండవ దానిలో ధ్రువపత్రపు తాళపుచెవి మరీ చిన్నవి.

3. "అన్‌సేఫ్ లెగసీ రినెగోషియేషన్ డిసేబుల్డ్": 2009లో బయటపడిన ఒక లోపానికి 2010లో సవరణ వచ్చినది. అవతలి సర్వరు ఆ సవరణను నేటికీ స్వీకరించలేదని దీని భావం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడవ తరంతో ఇది తరచుగా కనబడుతుంది.

4. "సర్టిఫికెట్ హాజ్ ఎక్స్‌పైర్డ్": పత్రానికో, పై మూల సంస్థ పత్రానికో గడువు తీరినది. 2021 సెప్టెంబరు 30న ఒక మూల పత్రపు గడువు తీరినప్పుడు, సర్వర్ల తప్పు లేకుండానే ఎన్నో పాత యంత్రాలలో సంబంధాలు తెగిపోయినవి. మన యంత్రపు గడియారం తప్పుగా ఉన్నను ఇదే సందేశం రావచ్చును. కనుక మొదట తేదీని చూచుకొనవలెను.

పాటింపవలసిన క్రమం

మొదట సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా వ్రాసికొనవలెను. "పని చేయుట లేదు" అనునది వ్యాధి పేరు కాదు.

రెండవది, లోపం ఏ పక్షాన ఉన్నదో తేల్చవలెను. కొత్త యంత్రం నుండి వేరొక సర్వరుకు సంబంధం కుదురుతున్నదా? పాత యంత్రం నుండి అదే సర్వరుకు కుదురుతున్నదా? ఈ రెండు ప్రశ్నలతో సగం శోధన పూర్తి అవుతుంది. ఈ కారణం చేతనే పాత డిస్కును కనీసం ఒక నెల భద్రపరచవలెను.

మూడవది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్-క్లయంట్ సాధనంతో ఒక్కొక్క కూర్పును విడివిడిగా అడిగి చూడవలెను. ఇక్కడ ఒక మెలకువ కావలెను. కొత్త యంత్రం పాత కూర్పును తానుగానే నిరాకరిస్తుంది. కాబట్టి పరీక్ష కొరకు మాత్రం భద్రతా స్థాయిని సున్నాకు దించి అడగవలెను. లేనిచో మన నిరాకరణనే అవతలివారి నిరాకరణగా భ్రమపడతాము.

నాలుగవది, చికిత్స. అవతలివారు తమ సర్వరును సవరించుకొనుటే సరియైన చికిత్స. అందుకు మొదటి రోజుననే ఉత్తరం వ్రాయవలెను. గడువు ఆగనప్పుడు మినహాయింపు తప్పకపోవచ్చును. ఆ మినహాయింపు ఒక్క సంబంధానికే పరిమితం కావలెను. యంత్రమంతటికీ వర్తించునట్లు మూల అమరికలను సడలించుట, ఒక అతిథి కొరకు ఊరి తలుపులన్నీ తెరచిపెట్టుట వంటిది. ఆ మినహాయింపును, దానిని చేసినవారి పేరును, తొలగింపవలసిన తేదీని రిజిస్టరులో వ్రాయవలెను.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది. కూర్పును తాత్కాలికంగా దించినను, ధ్రువపత్ర పరీక్షను ఎన్నడూ తొలగింపరాదు. పని ముగిసిన పిమ్మట కావాలని తప్పు పేరుతో ఒకసారి అడిగి చూడవలెను. యంత్రం నిరాకరించినప్పుడే పరీక్ష జరుగుతున్నదని నమ్మవచ్చును. మేము ఈ ఒక్క పని మొదటి రాత్రి చేసియున్నచో పదకొండు రాత్రులు గడిచియుండెడివి కావు.

ఆ సంవత్సరం సెప్టెంబరులో అవతలి కార్యాలయం తన సర్వరును మార్చుకొన్నది. రిజిస్టరులో తేదీ ఉన్నందున మరునాడే మా మినహాయింపును కొట్టివేసి, సంతకం చేసినాము. జాబితాలోని విద్యార్థులు గడువులోగా నమోదైనారు.

కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటి. కంప్యూటరు గదికి యంత్రాలతో పాటు ఒక దళసరి రిజిస్టరును కూడా మంజూరు చేయండి. విద్యార్థులకు చెప్పునది కూడా ఒకటే. గోడమీది కాగితంలో అర్థం కాని గుర్తు కనబడినప్పుడు, వ్రాసినవారు మీ అధ్యాపకులే అయినను, అది దేనికని అడగండి. ఆ రోజు ఆ విద్యార్థిని అడిగినందువల్లనే ఈ వ్యాసం వ్రాయగలిగినాము.