పక్క చేను చెప్పే హెచ్చరిక



"అభివృద్ధి" అనే మాట ఈ రోజుల్లో మన చెవిన పడని పూట లేదు. అభివృద్ధి అంటే ఏమిటని అడిగితే చాలామంది చైనా పేరు చెబుతారు. నలభై ఏళ్ళలో ఎంతగా మారిపోయిందో చూడండి అంటారు. మాట నిజమే. అయితే వేగం వేరు, గమ్యం వేరు. అవనిగడ్డలో బస్సు ఎంత వేగంగా కదిలినా, అది కోడూరు పోతుందో నాగాయలంక పోతుందో బోర్డు చూడకుండా ఎక్కితే ప్రయోజనం లేదు. వేగంగా మారే సమాజానికి ఆ బోర్డు ఏది? చైనా చరిత్రలోని కొన్ని ఘట్టాలను, మన దివిసీమలోని రొయ్యల చెరువులను పక్కపక్కన పెట్టి ఈ వారం ఆలోచిద్దాం.

చైనా నేర్పే రెండు పాఠాలు

1958లో మావో నాయకత్వాన చైనా "మహా ముందంజ" అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. కొద్ది సంవత్సరాలలోనే పారిశ్రామిక దేశాలను అందుకోవాలన్నది లక్ష్యం. పొలాలన్నీ కమ్యూన్ల పరమయ్యాయి. పై అధికారుల మెప్పు కోసం కింది అధికారులు పండని ధాన్యాన్ని పండినట్లు లెక్క రాశారు. ఆ దొంగ లెక్కల ప్రకారమే ప్రభుత్వం ధాన్యం తీసుకుపోయింది. పండించిన రైతుకు గింజ మిగలలేదు. 1959లో లూషాన్‌లో జరిగిన పార్టీ సమావేశాల సమయంలో రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ పరిస్థితి బాగాలేదని మావోకు ఉత్తరం రాశాడు. ఆయన పదవి పోయింది. ఆ తరువాత నిజం చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 1961 వరకు సాగిన ఆ కరువులో చనిపోయినవారు తక్కువ అంచనా ప్రకారం కోటిన్నర మంది. ఎక్కువ అంచనా ప్రకారం నాలుగున్నర కోట్ల మంది.

ఇక రెండవ పాఠం. 1978 చివరిలో అన్హుయ్ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే పేద గ్రామంలో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం రాసుకున్నారు. పొలాన్ని కుటుంబాలవారీగా పంచుకుని ఎవరిది వారే సాగు చేసుకుందామని, ప్రభుత్వానికి ఇవ్వవలసినది ఇచ్చి మిగిలినది దాచుకుందామని ఒప్పందం. అప్పటి చట్టం ప్రకారం అది నేరం. ఈసారి పై వారు ఆ గ్రామాన్ని శిక్షించలేదు. ఫలితం ఎలా ఉందో చూశారు. డెంగ్ షియావ్‌పింగ్ కాలంలో ఆ పద్ధతే దేశమంతా పాకింది. ఆ తరువాతి నలభై ఏళ్ళలో దాదాపు 80 కోట్ల మంది చైనాలో కటిక పేదరికం నుండి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క.

ఈ రెండు ఘట్టాలలో తేడా ఎక్కడుంది? ప్రజల కష్టం మొదటిసారీ ఉంది, రెండవసారీ ఉంది. మొదటిసారి కింది నుండి వచ్చిన మాటను నొక్కివేశారు. రెండవసారి దానిని విన్నారు. దీనిని మనసులో పెట్టుకుని మన ఊరి వైపు తిరుగుదాం.

వరిచేను చెరువైన విధం

కృష్ణా డెల్టా ఒకప్పుడు తానే పెద్ద మార్పును చూసింది. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు దివిసీమలోకి చేరి, లంకల నేల మాగాణి అయింది. సార్వాలో వరి, ఆ తేమ మీద మినుము, పెసర. కాని కోడూరు, నాగాయలంక ప్రాంతాలు కాలువకు చివర ఉన్నాయి. పైన ఎవరు నీరు ఎక్కువ వాడుకున్నా కరువు ముందుగా తగిలేది శివారు భూములకే. సముద్రం పక్కనే ఉండడం వల్ల ఉప్పు బెడద సరేసరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి వేరే చెప్పనక్కరలేదు; పాలకాయతిప్ప పేరు వింటే పెద్దవారు ఇప్పటికీ మౌనం వహిస్తారు.

అటువంటి నేల మీదికి 1990ల మొదటి సంవత్సరాలలో టైగర్ రొయ్య వచ్చింది. వరి మీద ఎకరానికి కనబడని డబ్బు రొయ్య మీద నాలుగైదు నెలల్లో కనబడింది. విదేశీ ఎగుమతికి దారులు తెరుచుకున్నాయి. ఏళ్ళ తరబడి శివారు నీటి కోసం ఎదురుచూసిన రైతు చెరువు తవ్వాడంటే అది దురాశ అని కొట్టివేయడం న్యాయం కాదు. ఆ డబ్బుతో ఇళ్ళు లేచాయి, పిల్లలు పై చదువులకు వెళ్ళారు. దీనిని మనం గౌరవంగా ఒప్పుకోవాలి.

అయితే మనకు తెలియవలసిన ఒక వార్త అప్పటికే సముద్రం అవతల ఉంది. సంస్కరణల వేగంలో చైనా కూడా తన తీరమంతా రొయ్యల చెరువులు తవ్వింది. 1980ల చివరికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా రొయ్యలు సాగుచేసే దేశమైంది. 1992లో అక్కడి దిగుబడి దాదాపు 2 లక్షల టన్నులు. 1993లో తెల్లమచ్చ రోగం తగిలి అది సగానికంటే కిందికి పడిపోయింది. ఆ వైరస్‌కు మందు లేదు. అది మనిషికి హాని చేయదు గాని, చెరువులోని రొయ్యలను కొద్ది రోజుల్లోనే తుడిచిపెట్టేస్తుంది. పిల్లతో వస్తుంది, నీటితో వస్తుంది, పీతల ద్వారా వస్తుంది.

చెరువు పక్కన చెరువు తవ్వి, అందరూ ఒకే డ్రెయిను నుండి నీరు తోడుకుని, రోగం తగిలిన నీటిని మళ్ళీ అదే డ్రెయినులోకి వదిలితే ఏమవుతుంది? ఒక చెరువు రోగం ఆ కాలువ మీదున్న చెరువులన్నింటికీ పాకుతుంది. చైనా తీరం ఈ సంగతిని 1993లో చెప్పింది. 1994-95 నాటికి ఆంధ్ర, తమిళనాడు తీరాలు దానిని స్వయంగా అనుభవించాయి. మేత కొట్లకు, వడ్డీ వ్యాపారులకు బాకీపడిన కుటుంబాలు ఆ సంవత్సరాలను మరచిపోలేదు.

మాట వినబడనివారు

చెరువు తవ్విన రైతుకు కనీసం లాభమో నష్టమో తన లెక్క ఉంది. లెక్కలో లేనివారు ఇద్దరున్నారు.

మొదటివారు పక్క చేను రైతు. చెరువులోని ఉప్పునీరు గట్టు దగ్గర ఆగదు. నేలలో ఊరుతూ పక్క పొలంలోకి దిగుతుంది. వరి మొక్క కొసలు ఎండి, దుబ్బు కట్టక, దిగుబడి తగ్గుతుంది. రెండు మూడేళ్ళు చూసి అతడు కూడా పొలాన్ని చెరువుకు లీజుకిచ్చేస్తాడు. దానిని మనం "రైతులు ఇష్టపడి రొయ్యల వైపు మళ్ళారు" అని రాసుకుంటాం. వేరే దారి లేక ఒప్పుకోవడాన్ని ఇష్టమని పిలవవచ్చునా? మంచినీటి బావి ఉప్పుబారిన ఇంటి మాట కూడా ఇంతే.

రెండవవారు మన విచారణల్లో ఎక్కువమంది అయిన కూలి కుటుంబాలవారు, ముఖ్యంగా స్త్రీలు. వరిచేనుకు ఆకుమడి, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప నూర్పు అని ఎన్ని చేతులు కావాలో మీకు తెలుసు. చెరువుకు కావలసినది ఒక కాపలా మనిషి, మేత చల్లే మనిషి, పట్టుబడి రోజున కొంతమంది. పొలం యజమాని మారకుండానే కూలి మనిషి పని పోతుంది. గడ్డి లేక పాడి పశువు పోతుంది. ఈ నష్టం ఏ బ్యాంకు పుస్తకంలోనూ ఎక్కదు.

న్యాయస్థానం విన్నది

ఈ మాట చివరకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సాగుభూములను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని, కాలుష్యం చేసినవారే నష్టపరిహారం భరించాలని కోర్టు చెప్పింది. ఆ తరువాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీరప్రాంతపు చెరువులకు రిజిస్ట్రేషను తప్పనిసరి అయింది. సముద్రపు పోటు గీతకు 200 మీటర్ల లోపల సాగు చేయరాదన్నారు. పరిశ్రమకు ఊరట, తీరానికి కొంత రక్షణ రెండూ అందులో ఉన్నాయి.

2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. రోగంలేని తల్లి రొయ్యలను దిగుమతి చేసుకుని, వేరుగా ఉంచి పరీక్షించిన తరువాతే హేచరీలకు ఇవ్వాలన్న నియమం పెట్టారు. ఇది చేదు అనుభవం నుండి నేర్చుకున్న పాఠమే. మన రాష్ట్రం రొయ్యల సాగులో దేశానికి మొదటి స్థానంలోకి వచ్చింది. కాని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడి చెరువు గట్టు మీద రైతు కలవరపడవలసి వచ్చింది. ఒకే పంట, ఒకే మార్కెట్టు మీద ఊరంతా ఆధారపడితే వచ్చే ప్రమాదం రోగంతోనే ముగియదని దీని అర్థం.

మనం చేయవలసినది

రొయ్యల సాగు మానెయ్యమని ఈ వ్యాసం చెప్పడం లేదు. రొయ్యల మీద బతికే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. చెప్పేది ఒక్కటే: అభివృద్ధి బండికి బోర్డు, నష్టపోయేవాడి మాటే. ఆ మాట వినబడినంత కాలం దారి తప్పినా సరిదిద్దుకోవచ్చు. అది వినబడకుండా చేసిననాడు ఎంత పెద్ద దేశమైనా 1959 నాటి చైనా అవుతుంది. మనకు గ్రామసభ ఉంది, ఓటు ఉంది, పత్రిక ఉంది, న్యాయస్థానం ఉంది. షియావ్‌గాంగ్ రైతులు చీకట్లో వేలిముద్రలు వేశారు; మనం పగటివేళ లేచి నిలబడి మాట్లాడవచ్చు. ఆ హక్కును వాడుకోకపోతే లేనట్లే.

ఈ వారం మీ ఇంట్లో, మీ సంఘంలో ఈ ప్రశ్నలు చర్చించండి:

1. మన ఊళ్ళో కొత్త చెరువు తవ్వేముందు పక్క చేను రైతును ఎవరైనా అడిగారా?

2. రోగం వచ్చిన చెరువు నీటిని బ్లీచింగుతో శుద్ధిచేయకుండా డ్రెయినులోకి వదులుతుంటే, ఆపమని చెప్పే బాధ్యత ఎవరిది?

3. ఊడ్పులు పోయిన ఇళ్ళలోని స్త్రీలకు ఇప్పుడు ఏడాదికి ఎన్ని రోజులు పని దొరుకుతోంది? ఆ లెక్క మన ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉందా?

మూడవ ప్రశ్నకు జవాబు లేకపోతే, ముందు ఆ లెక్క రాయడంతోనే పని మొదలుపెట్టండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం చదవండి.