కిటికీలో బోర్లించిన గ్లాసు

మా పెరటి కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. ఎప్పుడు చూసినా బోర్లించే ఉండేది. పొద్దున్నే చెత్త బండితో వచ్చే ఆమె మంచినీళ్లు అడిగితే అందులో పోసేదాన్ని. తాగాక పెరటి కుళాయి దగ్గర తనే కడిగి, తనే మళ్లీ కిటికీలో బోర్లించి వెళ్లేది. ఆ గ్లాసు మా అత్తగారి రోజుల నుంచీ అక్కడే ఉంది. నేను పెట్టలేదు. తీయనూ లేదు.

మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఒక సోమవారం బడికి తయారవుతూ, బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు. "అమ్మా, నిన్న చర్చిలో పెద్దోళ్లంతా ఒకే గిన్నెలో తాగారు కదా. మరి ఆ అత్తకి గ్లాసు వేరే ఎందుకు?"

ముందురోజు సంస్కారపు ఆదివారం. మా సంఘంలో ద్రాక్షారసపు గిన్నె ఒక్కటే. బల్ల ముందు వరసగా మోకరించినవాళ్లలో బ్యాంకు ఆఫీసరు ఉంటారు, ఆయన పక్కనే మున్సిపాలిటీలో పనిచేసే ఆయనా ఉంటారు. అయ్యగారు అంచును తెల్లగుడ్డతో తుడిచి అదే గిన్నెను ఇద్దరికీ అందిస్తారు. నేనూ ఆ వరసలో మోకరించినదాన్నే. వాడు బెంచీ మీద నిలబడి అదంతా చూశాడు.

"ఇన్ఫెక్షన్లు వస్తాయి నాన్నా" అన్నాను. వాడు తల ఊపాడు, నమ్మాడు, బడికి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత మా చిన్నది ఆడుకుంటూ ఆ గ్లాసు కోసం చెయ్యి చాపింది. వరండాలోంచి వాడు పెద్దగా కేకేశాడు. "ముట్టుకోకే! రోగాలొస్తాయి!"

పన్నెండేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. పొరుగువాణ్ని నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞను ఎంతమంది పిల్లల చేత అప్పజెప్పించానో లెక్క లేదు. వాడికీ నేనే నేర్పాను, తడుముకోకుండా చెప్తాడు. కానీ ఆ వారం వాడు మనసుకు పట్టించుకున్న పాఠం కిటికీలోని గ్లాసు చెప్పింది. ఆ పాఠానికీ పంతులమ్మను నేనే.

కంఠతా పట్టడం అంటాం మనం. మాట గొంతు దాకానే వచ్చిందని ఆ మాటలోనే ఉంది. గొంతుకీ గుండెకీ మధ్య జానెడు దూరమే గాని, ఆ జానెడూ దాటించడం ఇంట్లోనే జరగాలి. ఆదివారం గంటసేపు నాలాంటివాళ్లు చెప్పే పాఠం వల్ల కాదు. వాక్యాలు కంఠతా పట్టించొద్దని నేను అనను. పట్టించండి. చిన్నప్పుడు గొంతులో నిలిచిన మాట ముప్పై ఏళ్ల తర్వాత ఆసుపత్రి వరండాలో గుర్తొచ్చి మనిషిని నిలబెట్టడం నేను కళ్లారా చూశాను. అయితే పిల్లవాడు వాక్యం చెప్పేశాడు కదా, ఇక మన పని అయిపోయిందనుకోకండి.

మత్తయి సువార్తలో 5, 6, 7 అధ్యాయాలు, అంటే కొండమీది ప్రసంగం, ఒక్కసారి కూర్చుని ఏకబిగిన చదవండి. యేసు ఎక్కడా చెయ్యి చేసిన పని దగ్గర ఆగడు. దాని వెనకున్న మనసు దగ్గరికి వెళ్తాడు. హత్య గురించి మొదలుపెట్టి కోపం దగ్గరికి తీసుకొస్తాడు. దానధర్మాలు, ప్రార్థన, ఉపవాసం, ఇవన్నీ ఎవరు చూడాలని చేస్తున్నావని అడుగుతాడు. అదే సువార్తలో 23వ అధ్యాయానికి వచ్చేసరికి, గిన్నెను బయట తోమి లోపల వదిలేసేవాళ్లను గట్టిగా మందలిస్తాడు. ఆ మాట నేను ఎన్నోసార్లు చదివాను. మా కిటికీలోని గ్లాసు లోపలా బయటా తళతళలాడుతూనే ఉండేది. తోమాల్సిన గిన్నె ఏదో మా అబ్బాయి కేకతో తెలిసింది.

పని వెనకున్న మనసును చూసిన ఒక మనిషి కథ మా ఇంట్లోనే ఉంది. మా అమ్మమ్మ వాళ్లది ఒంగోలు వైపు. వాళ్ల తాతల కాలంలో కరువొచ్చినప్పుడు కాలవ తవ్వి బతికామని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. అది 1876 నుంచి 1878 దాకా పీడించిన కరువు. క్లౌ దొరగారని మన పెద్దవాళ్లు పిలిచిన జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ పనిలో ఉన్నవాళ్లు చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం ఎవరూ దేవుణ్ని ఒప్పుకోకూడదని, సాయం డబ్బు చేతులు మారుతున్నన్నాళ్లూ ఆపేశారు. ఆ పని ముగిశాకే మొదలుపెట్టారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన సంఘాల్లో చాలామందికి తెలుసు. దాని వెనక ఆయన ఎంతకాలం ఆగారో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. ఎదుటివాళ్ల మనసు తేటపడేదాకా ఆగడానికి చాలా ఓర్పు కావాలి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడిలో (వీబీఎస్) వాక్యానికో చాక్లెట్టు, పది వాక్యాలకో టిఫిన్ బాక్సు పంచిన నా చేతులకు ఆ ఓర్పు ఇంకా అలవాటు కాలేదు.

ఆయన గురించే ఇంకో సంగతి ఉంది. ఇది కరువుకు ముందు మాట. ఒంగోలు వచ్చిన తొలి రోజుల్లో పట్నంలోని పై కులాలవాళ్లు ఆయన చెప్పేది శ్రద్ధగానే వినేవారు. అంతలో పల్లెల్లోంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పట్నంవాళ్లు తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయనా ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారట. ఇద్దరికీ కనబడింది ఒకే చోటు, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం. లోకం లెక్కలోకి తీసుకోనివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. ఆయనే తన జీవితకథలో ఈ సంగతి చెప్పుకున్నారు. ఆ రోజు ఆయన ఇంకోలా తేల్చుకుని ఉంటే మా అమ్మమ్మ వంశం ఏ వాకిలి బయట నిలబడి నీళ్లు అడుక్కునేదో! అలా లోపలికి వచ్చినవాళ్ల మునిమనవరాలిని నేను. ఆ గ్లాసును అన్నాళ్లు కిటికీలోనే ఉండనిచ్చింది కూడా నేనే.

తల్లిదండ్రులకు నేను ముందు చెప్పాలనుకునేది ఇది. మీ ఇంట్లో గ్లాసు ఉండకపోవచ్చు. దాని చోట ఇంకేదో ఉంటుంది. పనమ్మాయికి నిన్నటి కూర వేరే గిన్నెలో తీసిపెట్టడం, పిల్లవాడి స్నేహితుడు ఇంటికి రాగానే వాళ్ల ఇంటిపేరు ఆరా తీయడం, ఫలానావాళ్లా అంటూ గొంతు తగ్గించడం, ఇలా. దాన్ని మీ అంతట మీరు పోల్చుకోలేరు, అలవాటైపోయి ఉంటుంది. పిల్లలు పోల్చుకుంటారు. వాళ్లు అడిగిన రోజున నాలా అబద్ధం చెప్పకండి. జవాబు తోచకపోతే, నువ్వు అడిగింది న్యాయమే నాన్నా, ఆలోచించి చెప్తాను అనండి. వాళ్లకు అది చాలు.

ఆ శుక్రవారం రాత్రి వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఇన్ఫెక్షన్ అని నీకు అబద్ధం చెప్పాను. ఆ గ్లాసు వేరుగా ఉండటం తప్పు. అది నా తప్పు. నన్ను క్షమించు" అన్నాను. వాడికి ఏమనాలో తెలియలేదు. దుప్పటి అంచు లాగుతూ, "మరి అత్తకి చెప్పావా?" అన్నాడు.

అర్పణ తెచ్చి బలిపీఠం ముందు నిలబడ్డాక, నీ మీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పిన మాట కొండమీది ప్రసంగంలోనే ఉంది. దేవుడి దగ్గర ఒప్పుకోవడం మనకు తేలిక, ఆయన ఎదురుగా కూర్చుని మన మొహంలోకి చూడడు. మనిషి దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు కదలవు. శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి మేం రోజూ తాగే గ్లాసుల్లో ఒకటి తీసి నీళ్లు పోసి ఇచ్చాను. "ఇన్నాళ్లూ నీకు వేరే గ్లాసు పెట్టాను, నాది తప్పమ్మా" అన్నాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఏమీ అనలేదు. తల వెనక్కి వంచి, పెదవులకు తగలకుండా నీళ్లు ఎత్తిపోసుకుని తాగింది. తాగాక గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. "యాడ పెట్టమంటారమ్మా?" అంది. ఒక్క శనివారంతో అంతకంటే ఎక్కువ మారదు. మా అబ్బాయే ముందుకొచ్చి ఆ గ్లాసు అందుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఆమె పెదవులకు తగిలించి తాగడానికి చాలా నెలలు పట్టింది.

పిల్లల దగ్గర క్షమాపణ అడిగితే అలుసైపోతామని చాలామంది తండ్రులు నాతో అన్నారు. ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం చూడండి. తల్లిదండ్రులకు లోబడమనే మొదటి వచనం మన ఇళ్లలో గోడలకు ఎక్కింది. తండ్రులారా, పిల్లలకు కోపం రేపకండని చెప్పే నాలుగో వచనం ఏ గోడ మీదా నాకు కనబడలేదు. కొలొస్సయి పత్రికలోనూ పౌలు ఇదే మాట చెప్పి, వాళ్ల మనసు కుంగిపోతుందని కారణం కూడా చెప్తాడు. తండ్రి నోట నాదే తప్పు అన్న మాట విన్న పిల్లవాడికి తన తప్పును దాచుకోవాల్సిన పని ఉండదు. అలుసు కాదు అది. వాడు తిరిగి రావడానికి మీరు వేసి ఉంచిన దారి.

దేవుడు చూస్తున్నాడు, కళ్లు పోతాయి అని బెదిరించడం మానేయండి. తప్పిపోయిన కొడుకు దూరాన ఉండగానే చూసి పరుగెత్తుకెళ్లిన తండ్రి కథ యేసు మనకు చెప్పాడు. చూడటం అంటే అలా చూడటం. భయంతో మంచిగా ఉండే పిల్లలు మనం గుమ్మం దాటగానే మారిపోతారు.

జక్కయ్య కథ పిల్లలకు ఎంతో ఇష్టం. పొట్టివాడు, మేడి చెట్టు ఎక్కాడు, యేసు పేరు పెట్టి పిలిచాడు. సండే స్కూల్లో చేతులు ఊపుతూ పాడించి చెట్టు దిగగానే కథ ఆపేస్తాం. అసలు సంగతి జక్కయ్య ఇంట్లో ఉంది. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానంటాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు. మీ పిల్లవాడి బ్యాగులో వాడిది కాని రంగు పెన్సిల్ దొరికితే, కొట్టకండి. దేవుడికి సారీ చెప్పించి పడుకోబెట్టేయకండి కూడా. మరునాడు వాడి వెంట బడి గేటు దాకా వెళ్లండి. వాడి చేతే తిరిగి ఇప్పించండి. ఆ పది అడుగులు వాడికి బరువుగా ఉంటాయి. మీరు పక్కన నడిస్తే చాలు, మాట్లాడక్కర్లేదు.

పిల్లలు కొట్టుకున్నప్పుడు వెంటనే సారీ చెప్పమని మెడలు వంచొద్దు. కోపం దిగనివ్వండి. డెబ్బై ఏళ్ల మారులు క్షమించమన్నప్పుడు కూడా యేసు లోపల్నుంచి వచ్చే క్షమాపణ గురించే చెప్పాడు.

కానుక సంగతి. కానుక సంచి మన వరసకు వచ్చే ముందు గబగబా పది రూపాయల నోటు పిల్లల చేతిలో పెట్టి వేయిస్తాం. అది వాళ్లు ఇచ్చింది కాదు. మా అమ్మమ్మ రెండు పూటలా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది, సంఘానికని. కొన్నిసార్లు నా చేతే తీయించేది. కొలత బియ్యంలోంచే ఆ పిడికెడు తగ్గేది, మళ్లీ పోసేది కాదు. ఆ పూట నా కంచంలో ఒక ముద్ద తక్కువ అవుతుందని నాకు తెలుసు. ఇవ్వడం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఇంకొకటి. ఆరాధన అయ్యాక బండి మీద ఇంటికి వచ్చే పది నిమిషాలు. పిల్లవాడు ముందు నిలబడి ఉంటాడు, వెనక మీరిద్దరూ. అయ్యగారు ప్రసంగం సాగదీశారని, ఫలానా అక్క కొత్త చీర కోసమే ముందు వరసలో కూర్చుందని, సంఘ పెద్ద లెక్కలు చూపించలేదని. వాడు వెనక్కి తిరగడు గాని చెవులు మీ దగ్గరే ఉంటాయి. అప్పటిదాకా గంటన్నర విన్నదంతా ఆ పది నిమిషాల్లో కరిగిపోతుంది. దయచేసి ఆ పది నిమిషాలు కాపాడండి.

రాత్రి కుటుంబ ప్రార్థనలో మేం ఒక అలవాటు మొదలుపెట్టాం. పాట అయ్యాక, ప్రార్థనకు ముందు, ఈ రోజు నేను ఎవరినైనా బాధపెట్టానా అని మా ఆయనా నేనూ పిల్లల్ని అడుగుతాం. అడిగాక ఊరుకోవాలి. సర్దిచెప్పకూడదు, నువ్వు అల్లరి చేశావు గనకే అనకూడదు. మొదటి రాత్రి మా అబ్బాయి ఏమీ లేదన్నాడు. చిన్నదానికి అప్పుడు ఆరేళ్లు. చాలాసేపు చాప ఈనెలు లెక్కపెడుతూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, వానాకాలంలో తాను గీసిన ఇంటి బొమ్మను నేను పాత పేపర్లతో కలిపి అమ్మేశానని చెప్పింది. నాకు గుర్తే లేదు. ఆ ఇంటికి రెండు తలుపులు గీసిందట. ఒకటి మాకు, ఒకటి చుట్టాలకు. ప్రార్థన అప్పుడే మొదలుపెట్టలేదు. కాగితం, రంగు పెన్సిళ్లు తెచ్చి నేల మీద పెట్టాను. ఆ ఇల్లు ఎలా ఉండేదో అది చెబుతుంటే నేను గీశాను.