పాత జీపులో డీజిల్ ఇంజను

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లె దారులు ఒకప్పుడు ఎలా ఉండేవో మీ తాతగారిని అడిగి చూడండి. ఎర్ర చెలకలు, నల్లరాతి గుట్టలు, వానాకాలంలో అడ్డం తిరిగే వాగులు, మిగతా రోజుల్లో చీలమండ లోతు దుమ్ము! బస్సు పోని ఊరికి జీపు పోయేది. సర్కారు అధికారి వచ్చినా, పెళ్ళివారు వచ్చినా, రోగిని పట్నం ఆసుపత్రికి తరలించినా జీపే దిక్కు.

ఆ జీపుల్లో ఎన్నో పెట్రోలు ఇంజనుతో పుట్టి, నడివయసులో డీజిల్ ఇంజనుకు మారాయి. ఇంజను మార్చడమంటే చొక్కా మార్చినంత సులువా? పెద్ద ఇంజను పెడితే బండి తప్పకుండా వేగంగా పోతుందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. లెక్క కట్టి చూద్దాం, రండి.

జీపుకు డీజిల్ ఎలా వచ్చింది?

జీపు యుద్ధకాలపు బిడ్డ. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, అమెరికాలోని విల్లీస్ కంపెనీ సైన్యం కోసం దాన్ని పెద్ద సంఖ్యలో తయారు చేసింది. యుద్ధం ముగిశాక మన దేశంలో మహీంద్రా కంపెనీ బొంబాయిలో జీపుల నిర్మాణం చేపట్టింది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించిన పాత నమూనా పేరు సీజే-3బీ. దాని ముందు మూత మిగతా జీపుల కన్నా ఎత్తుగా ఉంటుంది. లోపలి పెట్రోలు ఇంజను ఎత్తు ఎక్కువ కావడమే దానికి కారణం. ఆ ఇంజను ఘనపరిమాణం సుమారు 2200 ఘన సెంటీమీటర్లు. దానికి నాలుగు సిలిండర్లు.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర ప్రపంచ విపణిలో దాదాపు నాలుగు రెట్లయింది. మన దేశంలోనూ పెట్రోలు ధర బాగా పెరిగింది. డీజిల్ మాత్రం పెట్రోలు కన్నా చవకగా దొరికేది. బండి యజమానుల చూపు సహజంగానే డీజిల్ వైపు మళ్ళింది.

ఇంజను ఎక్కడి నుంచి తేవాలి? పొలం నుంచే! మహీంద్రా కంపెనీ 1963లోనే అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతోనూ, వోల్టాస్‌తోనూ కలిసి ట్రాక్టర్ల సంస్థను స్థాపించింది. ఆ ట్రాక్టరు ఇంజను కుటుంబానికే చెందిన, సుమారు 2350 ఘన సెంటీమీటర్ల డీజిల్ ఇంజను తరువాత జీపులోకి వచ్చింది. 1979లో కంపెనీ ఫ్రాన్స్‌లోని ప్యుజో సంస్థతో మరో ఒప్పందం చేసుకుంది. అలా వచ్చిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజను 1980లలో జీపుల్లో కుదురుకుంది. ఫ్యాక్టరీ చేసిన ఈ పనినే ఊరూరా మెకానిక్కులు తమ షెడ్లలో పాత జీపుల మీద చేశారు.

నిప్పురవ్వ లేని మంట

పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసి సిలిండరులోకి వస్తాయి. పిస్టను వాటిని ఏడో వంతుకు కాస్త అటూ ఇటూగా నొక్కుతుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్గు రవ్వ పుట్టించి మండిస్తుంది.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు లేదు. ఇందులో సిలిండరులోకి వచ్చేది గాలి ఒక్కటే. పిస్టను దాన్ని ఇరవయ్యో వంతుకు దగ్గరగా నొక్కేస్తుంది. అలా నొక్కిన గాలి ఎంత వేడెక్కుతుందో తెలుసా? 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైనే! ఆ నిప్పులాంటి గాలిలోకి పంపు డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే, అది తనంత తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు చాలా ఏళ్ళు శ్రమించి, 1897లో ఈ సూత్రంతో పనిచేసే ఇంజనును నడిపి చూపించాడు. ఇంధనానికి ఆయన పేరే నిలిచిపోయింది.

ఎక్కువగా నొక్కి మండించడం వల్ల ఇంధనంలోని వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కన్నా దాదాపు పదో వంతు ఎక్కువ శక్తి ఉంటుంది. డీజిల్ బండి లీటరుకు ఎక్కువ దూరం పోవడానికి కారణాలు ఇవే. కాని అంత పీడనాన్ని ఓర్చుకోవాలంటే ఇంజను గోడలు మందంగా, లోపలి భాగాలు బలంగా ఉండాలి. కాబట్టి డీజిల్ ఇంజను బరువు ఎక్కువ. బరువైన భాగాలను మరీ వేగంగా తిప్పడం కష్టం కనుక పాత డీజిల్ ఇంజన్లు మెల్లగా తిరుగుతాయి. ఈ రెండు గుణాలనూ గుర్తుంచుకోండి. ముందుముందు వీటితోనే మనకు పని.

బలం వేరు, శక్తి వేరు

బిగుసుకుపోయిన నట్టును విప్పడానికి మెకానిక్కు పొడవాటి పానా పడతాడు. నట్టును తిప్పేది ఆయన వేసిన బలం ఒక్కటే కాదు, బలాన్ని పానా పొడవుతో గుణిస్తే వచ్చేది. దీన్నే టార్కు అంటారు.

జీపు పెట్రోలు ఇంజను గరిష్ఠ టార్కు సుమారు 155 న్యూటన్ మీటర్లు. అంటే ఒక మీటరు పొడవున్న పానా చివర 16 కిలోల బరువు వేలాడదీసినట్లు. ఇక లెక్క కోసం ఒక పెద్ద డీజిల్ ఇంజనును ఊహించుకుందాం. దాని టార్కు 200 న్యూటన్ మీటర్లు, అంటే అదే పానా చివర సుమారు 20 కిలోలు. అది నిమిషానికి 2500 చుట్లకు మించి తిరగదు. పెట్రోలు ఇంజను మాత్రం నిమిషానికి 4000 చుట్ల దాకా పోయి, అక్కడ 70 అశ్వశక్తికి పైగా ఇస్తుంది. మన డీజిల్ ఇంజను ఇచ్చేది 55 అశ్వశక్తి అనుకుందాం.

ఇదేమి వింత? తిప్పే బలం ఎక్కువైతే అశ్వశక్తి తక్కువ ఎలా అయింది? అశ్వశక్తి అంటే పని జరిగే రేటు. టార్కును, తిరిగే వేగాన్ని గుణిస్తే అది వస్తుంది. డీజిల్ ఇంజను గట్టిగా తిప్పుతుంది కాని మెల్లగా తిప్పుతుంది. బలమైన ఎద్దుకూ, పరుగెత్తే గుర్రానికీ ఉన్న తేడా ఇదే.

చక్రం దగ్గరి లెక్క

ఇంజను నేరుగా చక్రాన్ని తిప్పదు. నడుమ గేర్లు ఉన్నాయి. సీజే-3బీ మొదటి గేరు నిష్పత్తి 2.8. వెనుక ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 5.38. అంటే మూడో గేరులో ఇంజను 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం వ్యాసార్ధం 0.36 మీటర్లు అనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 2.26 మీటర్లు.

పెట్రోలు ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగినప్పుడు చక్రం 743 చుట్లు తిరుగుతుంది. బండి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఇంకేమీ మార్చకుండా డీజిల్ ఇంజను మాత్రం పెట్టామనుకోండి. 2500 చుట్లను 5.38తో భాగిస్తే చక్రానికి దక్కేది 465 చుట్లు. వేగం గంటకు 63 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది! ఎంత తొక్కినా ఇంజను అరుస్తుందే తప్ప బండి కదలిక పెరగదు. పెద్ద ఇంజను పెడితే వేగం వస్తుందనుకున్న యజమాని ఇక్కడే ఖంగు తింటాడు.

దీనికి విరుగుడు ఇరుసులో ఉంది. 5.38 నిష్పత్తికి బదులు 4.27 ఉన్న పళ్ళచక్రాలు వేస్తే వేగం 79 కిలోమీటర్లకు పెరుగుతుంది. మరి లాగే బలం? మొదటి గేరులో పాత బండికి చక్రం దగ్గర 16 × 2.8 × 5.38, అంటే మీటరు పానా చివర 241 కిలోలు. కొత్త అమరికలో 20 × 2.8 × 4.27, అంటే 239 కిలోలు. దాదాపు సమానం! గేరు దేన్నీ కొత్తగా సృష్టించదు. వేగాన్ని బలంగానో, బలాన్ని వేగంగానో మారుస్తుంది, అంతే. ఒక జాగ్రత్త: నాలుగు చక్రాలూ లాగే బండి కనుక ముందు ఇరుసులోనూ అదే నిష్పత్తి ఉండాలి. లేకపోతే ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడి పళ్ళు విరుగుతాయి.

ఒకటి మారిస్తే పది మారాలి

షెడ్డులో పని ఎలా సాగుతుందో చూద్దాం. కార్బురేటరు, స్పార్క్ ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు ఇక అవసరం లేదు. కొత్త ఇంజను వెనుక భాగం, పాత గేర్‌బాక్సు ముందు భాగం కలవవు. నడుమ మందపాటి ఇనుప పలకను లేతు మీద కోసి అమర్చాలి. ఇంజను ఇరుసూ గేర్‌బాక్సు ఇరుసూ ఒకే సరళరేఖలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా బేరింగులు త్వరగా అరిగిపోతాయి. 16 కిలోల చోట 20 కిలోల బలం వస్తుంది కాబట్టి పాత క్లచ్చి జారుతుంది. దాన్నీ మార్చాలి.

గట్టిగా నొక్కిన గాలికి ఎదురుగా ఇంజనును తిప్పాలంటే బలమైన స్టార్టరు, పెద్ద బ్యాటరీ కావాలి. ముందు బరువు పెరిగింది కనుక ముందు కమాను పట్టీలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది. ఇంజను అడుగున ఉన్న నూనె తొట్టి, గుంతలో బండి ఎగిరినప్పుడు ముందు ఇరుసుకు తగలకూడదు. ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో రేడియేటరు చాలకపోతే నీళ్ళు మరిగిపోతాయి. చెలక దుమ్ము సిలిండరులో చేరితే గోడలు గీరుకుపోతాయి కనుక గాలిని వడగట్టే గిన్నె సరిగా ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద మాట: బ్రేకు

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారి నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని మన్ననూరు దాటి నల్లమల అడవిలో సాగుతుంది. దోమలపెంట తరువాత మలుపులు తిరుగుతూ కృష్ణానది వైపు దిగుతుంది. ఎక్కడానికి ఇంజను కావాలి. దిగడానికి?

జనంతో కలిసి 1500 కిలోల బండి 200 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. అది పోగొట్టుకునే స్థితిజశక్తి 1500 × 9.8 × 200, అంటే 29 లక్షల జౌళ్ళకు పైమాట. ఈ శక్తి సుమారు 9 లీటర్ల నీటిని మరిగించడానికి చాలు! అంత వేడీ బ్రేకు డ్రమ్ముల్లోనే పుడితే లైనింగులు కాలి, పట్టు తప్పుతుంది. ఇంజను బరువు పెరిగితే ఈ వేడీ పెరుగుతుంది. ఇంజను మార్చి, బ్రేకులను పట్టించుకోని బండి ఎక్కేటప్పుడు బాగానే అనిపిస్తుంది. ప్రమాదం దిగేటప్పుడు బయటపడుతుంది. అందుకే అనుభవం ఉన్న డ్రైవరు ఘాటు దిగేముందే చిన్న గేరు వేస్తాడు. వేగాన్ని ఇంజను కొంత ఆపుతుంది, బ్రేకుకు ఊపిరి అందుతుంది. ఇంజను ఆపేసి, గేరు తీసేసి వాలులో బండిని వదిలి ఇంధనం పొదుపు చేద్దామనుకోవడం ప్రాణాలతో బేరమాడటమే.

బండి నమోదు పత్రంలో ఇంజను నంబరు, ఇంధనం పేరు రాసి ఉంటాయని కూడా తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వాటిని మన ఇష్టానికి మార్చకూడదు. రవాణా శాఖ అనుమతి ముందుగా పొందాలి. పాత డీజిల్ ఇంజను వదిలే నల్లటి పొగ ఊపిరితిత్తులకు చేటు కాబట్టి, ఈనాడు ఈ పనికి పొగ పరీక్ష కూడా అడ్డు నిలుస్తుంది.

కాబట్టి ఎవరైనా "ఈ బండిలో పెద్ద ఇంజను పెట్టించాం" అని చెబితే మీరు అడగవలసిన ప్రశ్నలు మూడు: ఇరుసు నిష్పత్తి ఎంత? క్లచ్చి మార్చారా? బ్రేకుల సంగతేమిటి? ఇంజను బండిలో ఒక భాగం మాత్రమే. అది ఇచ్చే బలాన్ని చక్రం దాకా మోయవలసినవీ, చివరకు ఆపవలసినవీ వేరే ఉన్నాయి.

చేసి చూడండి

1. సైకిలు పంపు మూతిని వేలితో గట్టిగా మూసి, పదిసార్లు వేగంగా కొట్టండి. పంపు అడుగు భాగాన్ని తాకి చూడండి. వేడి ఎక్కడి నుంచి వచ్చింది?

2. ఎక్స్‌డీపీ 4.90 ఇంజను సిలిండరు వ్యాసం 90 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 83 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. ఇంజను ఘనపరిమాణం ఎంత? (జవాబు: సుమారు 2112 ఘన సెంటీమీటర్లు)

3. జీపులో గుట్టలు ఎక్కడానికి 2.46 నిష్పత్తి గల మరో చిన్న గేరు ఉంటుంది. దాన్ని కూడా వేస్తే, పైన చెప్పిన 239 కిలోలు ఎంత అవుతాయి? అప్పుడు మొదటి గేరులో బండి గరిష్ఠ వేగం ఎంత? లెక్క కట్టి, మీరు సైకిలు తొక్కే వేగంతో పోల్చండి.