పిలాతు కూర్చున్న కుర్చీ

మెదక్

చిరంజీవి బిడ్డకు,

రాయదుర్గంలో మీ కంపెనీ నిన్ను ఎంక్వైరీ ప్యానెల్‌లో వేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. క్లయింటు డేటా బయటికి పోయిందట. నీ ఈడు పిల్లవాడి మీద నేరం పెట్టారట. ఫిర్యాదు చేసిన మేనేజరే ప్యానెల్‌లోనూ ఉన్నాడట. ‘ఇదంతా ఫార్మాలిటీ, సంతకం పెడితే చాలు’ అన్నారట. కోర్టులో సిరస్తాదారుగా రిటైరైన మీ పెద్దనాన్నకు ఆ మాట వింటే నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. సండే స్కూల్లో విన్న కథే, ఈసారి కేసు కట్టలాగా చదువు.

మన మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. ఒకటి క్రీస్తు పుట్టుక, ఒకటి సిలువ, ఒకటి ఆరోహణం. విచారణకు కిటికీ లేదు. గుడ్ ఫ్రైడే నాడు మన సంఘాల్లో సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు జరుగుతాయి. ఆ సిలువ దాకా తెచ్చిన విచారణను మాత్రం నాలుగు మాటల్లో దాటేస్తాం. తీర్పు చెప్పే చోట కూర్చోబోయేవాళ్ళు నిదానంగా చదవాల్సింది దాన్నే.

గెత్సేమనే తోటలో యేసును రాత్రివేళ పట్టుకున్నారు. ముందు అన్న అనే యాజకుడి దగ్గరికి, తర్వాత అతని అల్లుడు, ప్రధాన యాజకుడు కయప ఇంటికి తీసుకుపోయారు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట కలిస్తేనే నేరం రుజువైనట్టు. ఆ రాత్రి సాక్షులు చాలామందే వచ్చారు గానీ, వాళ్ళ సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగలేదని మార్కు రాశాడు. కేసు అక్కడే కొట్టేయాలి. కొట్టేయకపోగా కయప తానే ప్రశ్న వేసి, వచ్చిన జవాబునే దేవదూషణ అన్నాడు. ప్రజలందరి కోసం ఒక్కడు చావడం మేలని అంతకుముందే సభలో చెప్పినవాడు ఈ కయపే. తీర్పు ముందే మనసులో ఉంది, విచారణ తర్వాత వచ్చింది.

మన సుప్రీంకోర్టు 1969లో క్రైపాక్ కేసులో ఇలా సొంత పక్షం ఉన్నవాడే తీర్పరిగా కూర్చోవడాన్ని తప్పుపట్టింది. జమ్మూకశ్మీర్‌లో అటవీ సర్వీసు ఎంపికలకు తానూ అభ్యర్థిగా ఉన్న అధికారే బోర్డులో కూర్చున్నాడు. తన పేరు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళాడు కూడా. అయినా ఆ ఎంపికలు చెల్లవని కోర్టు కొట్టేసింది. మీ మేనేజరు సంగతి అడగడానికి నీకు ఇంతకన్నా ఆధారం అక్కరలేదు.

తెల్లవారేసరికి ఆరోపణే మారిపోయింది. దేవదూషణ రోమా గవర్నరుకు పట్టదు కాబట్టి, కైసరుకు పన్ను కట్టొద్దన్నాడు, తానే రాజునంటున్నాడు అని పిలాతు ముందు చెప్పారు. షోకాజ్ నోటీసులో ఒక నేరం, రిపోర్టులో ఇంకో నేరం కనపడితే ఆ తెల్లవారుజామును గుర్తు చేసుకో.

పిలాతు కల్పిత పాత్ర కాదు. 1961లో కైసరయ తవ్వకాల్లో అతని పేరూ హోదా చెక్కిన రాయి దొరికింది. యూదయను పదేళ్ళు ఏలినవాడు. లూకా సువార్తలో అతను మూడుసార్లు ఇతనిలో ఏ తప్పూ లేదన్నాడు. అంటే సత్యం తెలియక తప్పు చేసినవాడు కాదు. గలిలయ పాలకుడు హేరోదు దగ్గరికి పంపించి చేతులు దులుపుకోవాలని చూశాడు, ఫైలు తిరిగి వచ్చింది. అప్పుడు మధ్యేమార్గం ఒకటి వెతికాడు: తప్పు లేదు గనుక కొట్టించి వదిలేస్తానన్నాడు. బిడ్డా, ఈ చోట కాస్త ఆగు. తప్పు లేదంటే కొట్టించడం దేనికి? ‘ఆధారాలు లేవు, అయినా వార్నింగ్ లెటరిచ్చి వదిలేద్దాం’ అని మీ గదిలోనూ ఎవరో ఒకరు అంటారు. దయలాగా వినిపిస్తుంది, అది దయ కాదు. నిర్దోషికి చిన్న శిక్షయినా వేయొచ్చని జడ్జి ఒప్పుకున్నాక, పెద్ద శిక్ష అడిగేవాళ్ళను ఆపడానికి అతని చేతిలో ఏమీ మిగలదు. పిలాతు విషయంలో జరిగిందదే.

అతన్ని చివరికి లొంగదీసింది సాక్ష్యం కాదు. ఇతన్ని వదిలితే నువ్వు కైసరుకు స్నేహితుడివి కావన్న ఒక్క బెదిరింపు. అలెగ్జాండ్రియా రచయిత ఫైలో రాసినదాని ప్రకారం, పిలాతు పెట్టించిన బంగారు డాళ్ళ గొడవలో యూదులు ఫిర్యాదు రాస్తే తిబెరి చక్రవర్తి పిలాతును గట్టిగా మందలించాడు. పైకి ఫిర్యాదు పోవడమంటే ఏమిటో ఆ కొలువు చేసేవాడికి బాగా తెలుసు. మీ భాషలో ఎస్కలేషన్. కొలువు కాపాడుకోవడానికి మనిషిని అప్పగించాడు. ఆ కొలువూ నిలవలేదు. క్రీ.శ. 36లో సమరయుల మీద జరిపిన హత్యాకాండకు జవాబు చెప్పుకోమని అతన్ని రోముకు పంపేశారు.

ఇది రెండువేల ఏళ్ళ నాటి సంగతేగా అనుకోకు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. ఊరూవాడా దోషిని చూపమన్నాయి. పోలీసులు ఒక పేద యువకుణ్ణి చూపించారు, 2010లో కింది కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతను నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికే ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. చనిపోయిన ఆ పిల్లకూ న్యాయం దొరకలేదు.

ఒక్క మాట. ఈ కథ చెప్పి యూదులందరినీ నిందించడం శతాబ్దాలపాటు జరిగిన పాపం. యేసు శ్రమలకు ఆనాటి యూదులందరినీ గానీ, నేటివారిని గానీ బాధ్యులను చేయకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. పైగా యేసును విచారించిన యూదుల సభలోనే ఇద్దరు ఎదురు నిలబడ్డారు. మనిషి చెప్పేది వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని నీకొదేము ముందే అడిగాడు, ఎగతాళి పడ్డాడు. అరిమతయి యోసేపు ఆ నిర్ణయానికి సమ్మతించలేదని లూకా రాశాడు. వాళ్ళ వల్ల తీర్పు మారలేదు, నిజమే. అయినా ఆ అసమ్మతి రికార్డులో ఉంది.

కాబట్టి విచారణ మొదలయ్యేముందే ఈ పనులు చెయ్యి. ఆరోపణ రాతపూర్వకంగా ఆ అబ్బాయికి అందిందో లేదో చూడు. లాగ్‌లు, మెయిళ్ళు అతనికీ చూపించమను. ఫిర్యాదుదారు ప్యానెల్ నుంచి తప్పుకోవాలని మినిట్స్‌లో రాయించు. అతని జవాబు మధ్యలో ఆపకుండా చివరిదాకా విను. తప్పు రుజువైతే రుజువైందనే రాయి, జాలిపడి దాచకు. రిపోర్టుతో ఒప్పుకోలేకపోతే కారణాలు విడిగా రాసి, తేదీ వేసి, దానికే జతచెయ్యి. జతచేయనివ్వకపోతే సంతకం పెట్టకు. రాసింది ముందు ఒకసారి నాకు చదివి వినిపించు, ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

నీ పెద్దనాన్న