కరెంటు వచ్చిన తొలి క్షణాల్లో మోటారు జాగ్రత్త

ఎండాకాలంలో మోటారు కాలిపోతే రైతుకు రెండు నష్టాలు. వైండింగు ఖర్చు ఒకటి, రిపేరు అయ్యేదాకా తడి లేక వాడిపోయే పైరు మరొకటి. భావనపాడు తీరం నుంచి ఉద్దానం లోపలి దాకా కొబ్బరి మొక్కలకు, కూరగాయల మడులకు బోరు నీరే దిక్కయిన రైతులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. మోటారుకు దెబ్బ తగలటానికి గంటల తరబడి నడవనక్కర్లేదు. ఆన్ చేసిన కొద్ది క్షణాల్లోనే తగలవచ్చు.

తొలి లాగుడు ఎందుకు బరువు?

ఇసుకలో ఆగిన బండిని కదపటానికి ఎడ్లు ఒక్కసారిగా బలమంతా పెట్టాలి. చక్రం కదిలాక అంత బలం అక్కర్లేదు. మోటారు కూడా అంతే. తిరుగుతున్న మోటారు తన లోపలికి వచ్చే కరెంటును కొంతవరకు ఎదురు నెడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ ఎదురు ఉండదు కాబట్టి ఆన్ చేయగానే కరెంటు వరదలా దూసుకొస్తుంది.

5 హెచ్.పి. త్రీఫేజ్ మోటారు మామూలుగా సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేసినప్పుడు ఇది సుమారు 6 రెట్లు, అంటే 42 ఆంపియర్ల దాకా పోతుంది. కరెంటు 6 రెట్లయితే వైండింగులో పుట్టే వేడి 36 రెట్లు. మోటారు వేగం అందుకోగానే కరెంటు తగ్గిపోతుంది కనుక ప్రమాదం ఉండదు. ఒక స్థితి నుంచి మరో స్థితికి మారేటప్పుడు కొద్దిసేపు వచ్చే ఈ ఉధృతినే ఇంజనీర్లు ట్రాన్సియెంట్ అంటారు. అది కొద్దిసేపట్లో ముగియకపోతేనే చిక్కు.

అందరూ ఒక్కసారే వేస్తే

25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. దాని కింద 5 హెచ్.పి. మోటార్లు నాలుగు నడిస్తే 28 ఆంపియర్లు, ఇబ్బంది లేదు. అవే నాలుగు ఒక్కసారి స్టార్ట్ అయితే 168 ఆంపియర్లు అడుగుతాయి, అంటే దాని శక్తికి 5 రెట్లు. అప్పుడు వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి నూటికి 20 వంతులు తగ్గితే మోటారు తిప్పే బలం నూటికి 36 వంతులు తగ్గుతుంది. పంపు వేగం అందుకోలేక ఈడుస్తుంది. ఈడ్చినంతసేపూ ఎక్కువ కరెంటు పారుతూనే ఉంటుంది, వైండింగు కాగుతూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోవటానికీ ఇదే కారణం కావచ్చు.

కరెంటు రాగానే అన్ని ఆటో స్టార్టర్లూ ఒకేసారి పనిచేస్తే జరిగేది ఇదే. ఆటో స్టార్టరు వాడేవారు టైమరు పెట్టించుకోవాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా మాట్లాడుకుని ఒకరు 1 నిమిషానికి, తర్వాతివారు 3, 5, 7 నిమిషాలకు టైమర్లు మార్చుకోవాలి. టైమరు లేనివారు ఆటో తీసేసి, వంతుల ప్రకారం చేత్తో వేసుకోవటం మేలు.

కరెంటు పోయి వెంటనే వస్తే

రెప్పపాటులో కరెంటు పోయి వచ్చినా మోటారుకు దెబ్బే. అప్పటికి మోటారు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, దానిలో అయస్కాంత బలం కొంత మిగిలి ఉంటుంది. దానికి పొందిక లేకుండా కొత్త కరెంటు వచ్చి తగిలితే స్టార్టింగు కన్నా పెద్ద కుదుపు రావచ్చు. బోరులో వాల్వు కారుతుంటే పైపులో నీరు కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతుంది. ఆ సమయంలో స్విచ్ వేస్తే షాఫ్టు విరగవచ్చు. అందుకే ఆగిన మోటారును 5 నిమిషాలైనా ఆగి వేయాలి. పదేపదే స్టార్ట్ చేస్తే పాత వేడి తగ్గకముందే కొత్త వేడి తోడవుతుంది.

మోటారు మూలుగుతుంటే

స్విచ్ వేయగానే మోటారు తిరగకుండా మూలిగితే ఒక ఫేజు పోయిందేమో అనుమానించాలి. తక్షణం ఆపాలి. మరోసారి వేసి చూద్దామనుకోవద్దు. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు ఉంటే ఈ గండం తప్పుతుంది. స్టార్టరులోని రిలేను మోటారు ప్లేటుపై రాసిన ఆంపియర్లకే సరిపెట్టాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని రిలే పెంచటం, ఫ్యూజుకు లావు తీగ చుట్టడం మోటారును చేజేతులా కాల్చుకోవటమే.

ఆపేటప్పుడూ జాగ్రత్త

పారుతున్న కరెంటును తెంచినప్పుడు స్టార్టరు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. అందువల్ల కాంటాక్టులు నల్లబడి గుంటలు పడతాయి. అలాంటి వాటిని మార్పించాలి. 5 హెచ్.పి. మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు సరిపోతుంది. మెయిను తీసేసినా కెపాసిటరులో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆగిపోయింది కదా అని తీగలపై చేయి వేస్తే ప్రాణాపాయం. ఆ పని ఎలక్ట్రీషియనుకే వదలాలి.

తుఫాను తర్వాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు జిల్లాలో వేల కరెంటు స్తంభాలు కూలాయి. అలాంటి తుఫానుల తర్వాత లైన్లు బాగుచేసే రోజుల్లో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. సరఫరా నిలకడగా వచ్చేదాకా ఆటో ఆపి ఉంచాలి. ఉరుము వినబడక ముందే మెయిను తీసేయాలి. పిడుగులు పడుతుండగా స్టార్టరు దగ్గరికి వెళ్లరాదు. నీట మునిగిన మోటారును ఆరబెట్టి, మెగ్గరుతో పరీక్ష చేయించాలి. 1 మెగోమ్ కన్నా తక్కువ చూపితే కరెంటు ఇవ్వకూడదు. ఉప్పుగాలికి ఎర్తు తీగ తొందరగా తుప్పు పడుతుంది, ఏటా వానలకు ముందు చూపించుకోవాలి. తెగిపడిన తీగను ముట్టకుండా 1912కు ఫోన్ చేయాలి.

వైండింగు ఖర్చుతో పోలిస్తే టైమరుకు, ప్రివెంటరుకు పెట్టేది తక్కువ. మోటారు వంతులకు అసలు ఖర్చే లేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు ఈ వారమే ఒకచోట కూర్చుని వంతులు ఖాయం చేసుకుంటే మంచిది.