ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: టెలొమరేజ్ లోపము – మేనరికము

ప్రశ్న: మా పెద్దవానికి పదునాలుగేండ్లు. మెడపై వలవలె అల్లుకొన్న నల్లని మచ్చలు, చిట్లి సన్నబడిన గోళ్లు, పొగాకు ముట్టకపోయినను నాలుకపై తెల్లని పొర. ఈ నడుమ రక్తకణములును తగ్గినవి. హైదరాబాదులో జన్యుపరీక్ష చేసి, టెలొమరేజ్‌లోని డిస్కెరిన్ లోపమనిరి. మాది మేనరికము, అందువలననే ఇట్లయినదని ఇంటిపెద్దలనుచున్నారు. నిజమేనా? రెండవవానికిని రాగలదా?
— ఒక తండ్రి, అవనిగడ్డ

జవాబు: మేనరికము ఇందుకు కారణము కాదు. ఈ మాట ముందుగా మీ ఇంటిపెద్దలకు చెప్పుడు.

కణము విభజన చెందినపుడెల్ల క్రోమోజోముల కొనలయందుండు టెలొమియర్లు కొంత తరుగును. మూలుగలోను, చర్మమునందును, నోటిపొరయందును ఎడతెగక విభజన చెందు కణములలో ఆ తరుగును పూడ్చునదే టెలొమరేజ్. 1984లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కారల్ గ్రైడర్ అను శాస్త్రజ్ఞురాండ్రు దీనిని కనుగొనిరి. ఇందులో మాదిరిగా నుండు ఆర్‌ఎన్‌ఏ పోగొకటి. దానిననుసరించి డీఎన్‌ఏను అల్లు టెర్ట్ అను మాంసకృత్తు. ఆర్‌ఎన్‌ఏ శిథిలము కాకుండ రెండు జట్లుగా పట్టి నిలుపు డిస్కెరిన్, నాప్-10, ఎన్‌హెచ్‌పీ-2, గార్-1 అనునవి. దానిని కేంద్రకములో తగిన తావునకు చేర్చు టీక్యాబ్-1 కలదు. డిస్కెరిన్ చెడినచో ఆర్‌ఎన్‌ఏ నిలువదు. అది కొరవడినపుడు టెర్ట్ ఎంత నిర్దుష్టమైనను పని సాగదు.

డిస్కెరిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నున్నది. మగబిడ్డకు ఆ క్రోమోజోము తల్లినుండియే సంక్రమించును గనుక, భర్త మేనబావయైనను పరాయివాడైనను ఫలమొక్కటే. అట్లని ఆ తల్లిని నిందించుట ఘోరమైన అన్యాయము. ఆమె యెరిగి చేసినదేదియు లేదు, ఒక్కొక్కపుడు ఆ లోపము బిడ్డయందే క్రొత్తగా పుట్టవచ్చును. నాప్-10, ఎన్‌హెచ్‌పీ-2, టీక్యాబ్-1 లోపములు మాత్రము తల్లిదండ్రులిరువురినుండియు వచ్చినపుడే వ్యాధి కలిగించును. అట్టివానికి మేనరికము తావిచ్చును. కావున ఏ మాంసకృత్తు చెడినదో తెలియక పెండ్లిని తప్పుపట్టరాదు.

తల్లికి పరీక్ష చేయించుడు. ఆమెయందు ఆ లోపమున్నచో రెండవ కుమారునికి సగము అవకాశము. కుమార్తెకు సాధారణముగా పైకి కనబడకున్నను సంక్రమించి యుండవచ్చును. పెద్దవానికి మూలుగ మార్పిడి అవసరమైనచో, తమ్ముడు ఆరోగ్యముగా కనబడినంతమాత్రమున దాతగా నిలుపరాదు; జన్యుపరీక్ష ముందు జరుగవలెను. రక్తకణముల లెక్క మచిలీపట్నములోనో గుడివాడలోనో చేయించి, ఫలితములను హైదరాబాదు వైద్యులకు తప్పక పంపుచుండుడు. ఈ వ్యాధి ఊపిరితిత్తులను సైతము గట్టిపరచును. ఇంట చుట్టగాని బీడిగాని కాల్చువారు ఈ బిడ్డకొరకు మానవలెను. నాలుకపై పొర గట్టిపడినను, పుండైనను ఒక్కదినమైన జాగుచేయక చూపించుడు.